తోట్లవల్లూరు కరకట్ట మీద రాష్ట్ర బడ్జెట్

బెజవాడ నుంచి తోట్లవల్లూరు వెళ్లడానికి రెండు దార్లున్నాయి. బందరు రోడ్డు పట్టుకుని ఉయ్యూరు దాకా వెళ్లి కుడివైపు తిరగడం ఒకటి. యనమలకుదురు దగ్గర కృష్ణ కరకట్ట ఎక్కి, చోడవరం, మద్దూరు, రొయ్యూరు మీదుగా ఏటి పక్కనే వెళ్లడం రెండోది. మొదటిది త్వరగా చేరుస్తుంది. రెండోది నడుముకి పని చెబుతుంది. కానీ బండి మీద వెళ్లేవాడికి రెండో దారే దారి. కుడిచేతి వైపు ఏరు, ఎడమచేతి వైపు అరటి తోటలు, మధ్యలో పసుపు ఉడికిన వాసన. ఎదురుగా ఇసుక ట్రాక్టర్ వస్తే మాత్రం బండి పక్కకి దింపి, కళ్లు మూసుకుని, రెండు నిమిషాలు దుమ్ము తినాలి.

నేను వెళ్లింది 2025 మార్చి 1, శనివారం. ముందురోజే అసెంబ్లీలో పయ్యావుల కేశవ్ రాష్ట్ర బడ్జెట్ పెట్టారు. మొత్తం 3,22,359 కోట్లు. దాని కోసమేమీ వెళ్లలేదు నేను. అమ్మమ్మని చూసి నాలుగు నెలలైంది, అంతే. కానీ ఒకటో తారీఖు కదా, నేను వెళ్లేసరికి సచివాలయం అమ్మాయి పెన్షన్ ఇవ్వడానికి గుమ్మంలో నిలబడి ఉంది. అమ్మమ్మ చేతివేళ్లు అరిగిపోయి వేలిముద్ర పడటం లేదు. మూడోసారికి పడింది. నాలుగు వేలు. ఎనిమిది ఐదొందల నోట్లు. లెక్కపెట్టుకుని, కొంగున ముడేసుకుని, అప్పుడు నన్ను చూసి, "ఎప్పుడొచ్చావురా?" అంది.

ఈ ఊరి గురించి ముందు కొంచెం చెప్పాలి. చుట్టుపక్కల వాళ్లు ఉత్త 'వల్లూరు' అనేస్తారు. రెవెన్యూ రికార్డుల్లో తోట్లవల్లూరు అనే పేరు కంటే నార్త్ వల్లూరు, సౌత్ వల్లూరు అనే పేర్లు ఎక్కువ కనిపిస్తాయి. బొమ్మదేవర వారి జమీందారీ రోజుల వాటాల గుర్తులవి. జమీందారీలు పోయి డెబ్బై ఏళ్లు దాటినా పాస్ పుస్తకాల్లో ఆ ఇంగ్లీషు దిక్కులు అలాగే ఉన్నాయి. ఏటికి అవతలి గట్టు గుంటూరు జిల్లా కొల్లిపర మండలం. మధ్యలో లంకలు. పాములలంక, తోడేళ్లదిబ్బలంక. పేర్లు చూసి భయపడకండి, ఇప్పుడు అక్కడ ఉండేది అరటి, పసుపు, కంద, మొక్కజొన్న, చెరకు. ఏటి ఒండ్రు మట్టి కదా, ఏది పెట్టినా కాస్తుంది. ఏరు ఇవ్వాలనుకుంటే ఇస్తుంది, తీసుకోవాలనుకుంటే తీసుకుంటుంది.

తీసుకోవడం అంటే ఎలా ఉంటుందో 2024 సెప్టెంబర్ 2న చూశాం. ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు. 1957లో బ్యారేజీ కట్టాక అంత నీళ్లు ఎప్పుడూ రాలేదు. 2009 అక్టోబర్ వరదే పెద్దదనుకునేవాళ్లం, అది 11.10 లక్షలు. బెజవాడలో సింగ్ నగర్ మునిగింది కాబట్టి టీవీలన్నీ అక్కడే ఉన్నాయి. అది బుడమేరు గొడవ. కృష్ణ దిగువన ఈ లంకలు ఎన్ని రోజులు నీళ్లలో ఉన్నాయో రీల్స్‌లో పెద్దగా రాలేదు. మా మావయ్య లంక పొలంలోని మోటారు షెడ్డు గోడ మీద ఆ నీటి గీత ఇప్పటికీ ఉంది. నా తలకి జానెడు పైన.

మధ్యాహ్నం ఆ పొలానికే తీసుకెళ్లాడు మావయ్య. మూడెకరాలు. 'ఉండేది మూడెకరాలు' అనాలి. గట్టు అంచున నిలబడి చేత్తో గాల్లో గీత గీసి చూపించాడు. "అదిగో, ఆ ఇసుక మేట కనపడుతోందా? అక్కడిదాకా మనదే. ఇప్పుడు అరవై సెంట్లు ఏట్లో ఉంది. కాగితాల్లో మాత్రం నా పేరు మీదే ఉందనుకో" అని నవ్వాడు.

"వరదకేనా మావయ్యా?"

"వరదకే. కానీ గట్టు అడుగున ఇసుక తీసేస్తే వరద ఏం చేస్తుందిరా? కాళ్లు తీసేసిన మంచం మీద పడుకోమంటే ఎట్టా?"

ఇదంతా చెబుతున్నప్పుడు ఆయన కొడుకు, అంటే మా బావ, పక్కనే ఉన్నాడు. ఫోన్ చూసుకుంటూ. బావ చేసేది ఇసుక ట్రాక్టర్ తోలడం. ట్రాక్టర్ మీద ఫైనాన్స్ కిస్తీ ఇంకా రెండేళ్లు ఉంది. ఒకే ఇంట్లో ఒకరి పొలం ఏట్లో పోతోంది, ఒకరి కిస్తీ ఏట్లోంచి వస్తోంది. అన్నం దగ్గర ఈ టాపిక్ ఎత్తకూడదని అత్త ముందే సైగ చేసింది.

సాయంత్రం కరకట్ట దగ్గర టీ కొట్టు. బడ్జెట్ మర్నాడు కాబట్టి అక్కడ అసెంబ్లీ నడుస్తోంది. ఇద్దరు పెద్దమనుషులు, ఒకే బెంచీ, రెండు పార్టీలు. "వీళ్లు దిగిపోయేటప్పుడు ఖజానాలో ఏం మిగిల్చారండీ?" అని ఒకాయన. "మీరొచ్చాక తెచ్చిన అప్పులు ఎవరు తీరుస్తారో చెప్పండి ముందు" అని ఇంకొకాయన. మిగతావాళ్లకి ఇది రోజూ ఉండే సీరియల్.

ఆ గొడవలో లెక్కలేంటో మనం కొంచెం నిదానంగా చూద్దాం. ఎందుకంటే ఫోన్‌లో మనకి వచ్చేవన్నీ సగం సగం క్లిప్పులే. 2025-26 బడ్జెట్లో రెవెన్యూ లోటు 33,185 కోట్లు, ద్రవ్య లోటు 79,926 కోట్లు అని పెట్టారు. రెండూ ఒకటే అనుకుంటారు చాలామంది. కాదు. మోటారు కొనడానికి అప్పు చేశారనుకోండి, ఆ మోటారు రేపు నీళ్లు తోడుతుంది. బియ్యానికి, కరెంటు బిల్లుకి, పాత అప్పు వడ్డీకి కూడా అప్పే చేస్తున్నారనుకోండి, ఆ రెండో రకం అప్పు ఎంతో చెప్పేది రెవెన్యూ లోటు. ద్రవ్య లోటు అంటే రెండూ కలిపి ఆ ఏడాది మొత్తం ఎంత తక్కువ పడుతోందన్నది. 33,185 కోట్లని 365 రోజులకి పంచితే రోజుకి 91 కోట్లు. పొద్దున లేచేసరికి రాష్ట్రం ఇంటిఖర్చుకే 91 కోట్లు చేబదులు వెతుక్కోవాలి. 2011 జనాభా లెక్కలతో చూస్తే ఏడాదికి తలకి ఆరున్నర వేల పైనే. అమ్మమ్మ తలకి కూడా.

ఇది నిన్నమొన్న మొదలైంది కాదు. 2014లో రాష్ట్రం విడిపోయిన తొలి పది నెలల్లోనే 16,078 కోట్ల లోటు తేలింది. దాన్ని కేంద్రం భర్తీ చేస్తుందన్నారు. చేసింది మొదట నాలుగు వేల కోట్ల లోపే. ఢిల్లీ చుట్టూ తిరగ్గా తిరగ్గా, 2023 మేలో 10,460 కోట్లు ఇచ్చారు. తొమ్మిదేళ్ల తర్వాత! చేబదులు ఇచ్చినవాడు కూడా అన్నేళ్లు ఆగడు. 2024 జూలైలో కొత్త ప్రభుత్వం శ్వేతపత్రం పెట్టి, మొత్తం అప్పులు, బకాయిలు కలిపి 9.74 లక్షల కోట్లంది. అంత లేదు, మా లెక్క వేరని పాత ప్రభుత్వం వాళ్లన్నారు. ఏ అప్పు ఎవరి ఖాతాలో రాయాలి, కార్పొరేషన్ల పేరుతో తెచ్చినవి కలపాలా వద్దా అన్నదే అందులో అసలు గొడవ. టీ కొట్టు బెంచీ మీద జరిగేదీ అదే, భాష కొంచెం ఘాటుగా ఉంటుంది.

"అసలు మన కిందే చమురుందిగా? దాని డబ్బులేవి?" అని బావ అడిగాడు. అప్పటిదాకా మాట్లాడని బావ.

మంచి ప్రశ్న. కృష్ణా గోదావరి బేసిన్ అంటే మనమే. దివిసీమలో నాగాయలంక దగ్గర ఓఎన్‌జీసీ, కెయిర్న్ కలిసి తవ్వి చమురు కనిపెట్టాయి. బంటుమిల్లి, కైకలూరు వైపు గ్యాస్ ఉంది. కాకినాడ తీరానికి అవతల సముద్రంలో రిలయన్స్ కేజీ డీ6 నుంచి 2009 ఏప్రిల్‌లో గ్యాస్ తీయడం మొదలైంది. ఓఎన్‌జీసీ లోతు సముద్రపు బావి నుంచి 2024 జనవరిలో తొలి చమురు వచ్చింది. తిరకాసు ఎక్కడంటే, నేల మీద తీసిన దానికే రాయల్టీ రాష్ట్రానికి వస్తుంది. సముద్రంలో తీసింది రాజ్యాంగం 297వ అధికరణం ప్రకారం కేంద్రానిది. పెద్ద నిక్షేపాలన్నీ సముద్రంలో. పైపులైన్లు, వాటి భయాలు మన పొలాల్లో. తీరంలో వాటా కావాలని ఏ పార్టీ అధికారంలో ఉన్నా అడుగుతూనే ఉంటుంది, ఢిల్లీ వింటూనే ఉంటుంది. చమురు శుద్ధి కర్మాగారం బందరులో పెడతారని ఆశపడ్డారు ఇక్కడివాళ్లు. చివరికి బీపీసీఎల్ రామాయపట్నం వైపు మొగ్గింది.

నాకు మాత్రం, చమురు నిండుగా దొరికినా కష్టాలు తీరిపోతాయన్న నమ్మకం లేదు. అలాస్కా సంగతి చూడండి. అమెరికాలో చమురు మీద బతికే రాష్ట్రం. 1980లో ఆదాయపు పన్ను ఎత్తేశారు, రాష్ట్రస్థాయి అమ్మకం పన్ను కూడా లేదు. పైగా చమురు నిధి లాభాల్లోంచి ప్రతి మనిషికీ ఏటా చెక్కు ఇస్తారు. 2014 తర్వాత చమురు ధర పడిపోయింది. బడ్జెట్లో పెద్ద బొక్క. 2016లో అక్కడి గవర్నర్ బిల్ వాకర్ ఆ చెక్కుని సగానికి కోశాడు. రెండు వేల డాలర్ల పైన రావాల్సింది 1,022 వచ్చింది. జనం ఊరుకుంటారా? తర్వాతి ఎన్నికల్లో పూర్తి చెక్కు ఇస్తానన్నాయన గెలిచాడు. వచ్చాక ఆయనా తొలి ఏడాది పూర్తిగా ఇవ్వలేకపోయాడు. ఇది చెబుతుంటే టీ కొట్టాయన, "అయితే అక్కడా మనోళ్లే ఉన్నారన్నమాట" అన్నాడు.

మరి మన సర్కారుకి చమురు బావి ఎక్కడుంది? ఉయ్యూరు పెట్రోల్ బంకులో ఉంది. నిజం. ఆంధ్రప్రదేశ్‌లో పెట్రోల్ మీద 31 శాతం వ్యాట్, ఆపైన లీటరుకి 4 రూపాయలు, ఇంకో రూపాయి రోడ్డు సెస్సు. దేశంలో పెట్రోల్ ఎక్కువ ధర పలికే రాష్ట్రాల్లో మనది ముందు వరసలో ఉంటుంది. లీటరుకి 109 రూపాయలు పోస్తే అందులో దాదాపు 30 రాష్ట్రానివి. గోదావరి జిల్లాల వాళ్లు పక్కనే ఉన్న యానాం వెళ్లి ట్యాంకు నింపుకొస్తారు, అక్కడ లీటరుకి పది రూపాయల పైనే తక్కువ. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు ప్రతి పార్టీ ఈ పన్ను దారుణం అంటుంది. అధికారంలోకి వచ్చాక ఆ ఐదు రూపాయలు మాత్రం కదలవు. ఎందుకు కదలవో రోజుకి 91 కోట్ల లెక్క చూశాక నాకు అర్థమైంది.

ఇంకో బావి ఈ ఏరు. ఇసుక.

ఇసుక పాలసీలు ఎన్నిసార్లు మారాయో వరసగా చెబితే నవ్వొస్తుంది. 2014లో డ్వాక్రా మహిళా సంఘాలకి ఇచ్చారు. 2016 మార్చిలో ఉచితం అన్నారు. ఉచితం పేరుతో కృష్ణలో ఇష్టమొచ్చినట్టు తవ్వుతుంటే అడ్డుకోలేదని, 2019 ఏప్రిల్‌లో జాతీయ హరిత ట్రైబ్యునల్ రాష్ట్రం మీద 100 కోట్ల మధ్యంతర జరిమానా వేసింది. అదే ఏడాది సెప్టెంబర్లో కొత్త ప్రభుత్వం టన్ను 375 రూపాయలని ఆన్‌లైన్‌లో పెట్టింది. వరదలు, బుకింగ్ తిప్పలు కలిసి ఇసుక దొరక్క తాపీ మేస్త్రీలు, కూలీలు పస్తులున్నారు. నవంబర్లో పవన్ కల్యాణ్ విశాఖలో లాంగ్ మార్చ్, చంద్రబాబు బెజవాడలో దీక్ష. 2021లో ప్రైవేటు కంపెనీకి ఇచ్చారు, టన్ను 475, అందులో 375 సర్కారుకి. 2024 జూలై 8న మళ్లీ ఉచితం. అక్టోబర్లో సీనరేజ్ కూడా ఎత్తేశారు, ఊళ్లో అవసరాలకి ట్రాక్టర్లో తెచ్చుకోవచ్చన్నారు. బావ రెండో ట్రక్కు కొన్నది అప్పుడే.

ఇక్కడే రెండు పార్టీల వాదన. "మా హయాంలో ఇసుక మీద ఖజానాకి ఏడాదికి ఏడొందల కోట్ల పైన వచ్చేది, ఇప్పుడు సున్నా. అయినా జనానికి ఉచితంగా దొరుకుతోందా?" అని వాళ్లు. "అప్పుడు వచ్చింది ఎంత, మధ్యలో పోయింది ఎంత?" అని వీళ్లు. రెండు ప్రశ్నలూ నిజమే. బావ మాట ఏంటంటే, "ఉచితం అంటే ఇసుక ఉచితం బావా. లోడింగ్ ఉచితం కాదు, డీజిల్ ఉచితం కాదు, కిస్తీ అసలే కాదు."

నేను ఫోన్ కాలిక్యులేటర్ తీశాను. ఏడొందల కోట్లని 91తో భాగిస్తే ఏడున్నర. అంటే ఏడాది పొడుగునా రాష్ట్రంలోని నదులన్నీ తోడి అమ్మితే వచ్చే డబ్బు, రాష్ట్రం ఇంటిఖర్చు లోటులో ఎనిమిది రోజులకి చాలదు. నెలకి 2,700 కోట్లయ్యే పెన్షన్లలో ఎనిమిది రోజుల వంతు. టీవీ చర్చల్లో ఇసుక అంటే రాష్ట్ర భవిష్యత్తంతా దాని మీదే ఉన్నట్టు అరుస్తారు కదా. ఖజానా వైపు నుంచి చూస్తే చిన్న సంగతి. ఊరి వైపు నుంచి చూస్తే, మావయ్య అరవై సెంట్లు.

ఆయన దిగులు పొలం అంచు ఒక్కటే కాదు. లంకల్లో నీళ్లన్నీ ఫిల్టర్ పాయింట్ల మీదే. ఇసుక నీళ్లు పట్టి ఉంచుతుంది, దాని పొర పలచబడే కొద్దీ పైపు ఇంకా లోతుకి దించాలి. ఏటి అడుగు కిందికి దిగే కొద్దీ, వేసవిలో బ్యారేజీ నుంచి నీళ్లు రానప్పుడు, సముద్రపు పోటు నీరు పైకి ఎక్కుతుంది. అవనిగడ్డ, నాగాయలంక వైపు ఉప్పు బాధ ఇవాళ్టిది కాదు. అందుకే బ్యారేజీకి దిగువన ఇంకో రెండు కట్టాలన్నారు, చోడవరం దగ్గర ఒకటి, బండికోళ్లంక దగ్గర ఒకటి. రెండిటికీ కలిపి రెండున్నర వేల కోట్ల పైచిలుకు అంచనా. పొద్దున నేను చోడవరం మీదుగానే వచ్చాను. ఏటికి అడ్డంగా కొంగలు తప్ప ఏమీ లేవు. బియ్యానికే అప్పు చేసే ఇంట్లో మోటారు ఎప్పుడు కొంటారు?

"మరి తవ్వడం ఆపేయమంటావా?" బావ సూటిగా నన్నే అడిగాడు. "ఊళ్లో నలభై ట్రాక్టర్లున్నాయి. తోలేవాళ్లు, లోడు ఎత్తేవాళ్లు. నువ్వు హైదరాబాద్ వెళ్లిపోతావు."

ఏం చెప్పాలో తెలియలేదు. పక్కన మావయ్య ఉన్నాడు. ఆయన టీ గ్లాసు కడిగి పెట్టి, "తవ్వమనే అంటున్నానురా నేను. గట్టు వదిలేసి మేట వేసినచోట, మనుషులతో తవ్వుకోండి. ఎవరి ఏరు మనది?" అన్నాడు. బావ ఫోన్‌లోకి వెళ్లిపోయాడు. కానీ లేచి వెళ్లిపోలేదు. అత్తకి ఈ సంగతి చెబితే, "పర్లేదే, ఇద్దరూ ఒక బెంచీ మీద కూర్చున్నారా?" అని ఆశ్చర్యపోయింది.

మీరు ఎప్పుడైనా ఇటు వస్తే జనవరి, మార్చి మధ్య రండి. ఎండ తక్కువ, పసుపు ఉడికే వాసన ఉచితం, దాని మీద ఏ పన్నూ లేదు. కరకట్ట మీద పొద్దున ఏడింటికి ముందు బయల్దేరితే ఇసుక దుమ్ము తప్పుతుంది. లంకలోకి వెళ్లాలంటే ఊళ్లో ఎవరినైనా అడిగి వెళ్లండి. ఏటి పాయల్లో పాత తవ్వకాల గోతులు నీళ్ల కింద కనపడవు. ఈతకి దిగి పోయిన పిల్లల కబుర్లు ప్రతి ఏటిగట్టు ఊళ్లోనూ ఉంటాయి. సెల్ఫీ గట్టు మీద దిగినా బాగానే వస్తుంది.

బయల్దేరుతుంటే అత్త గోనెసంచిలో రెండు కంద దుంపలు పెట్టింది. అమ్మమ్మ పిలిచి, కొంగు ముడి విప్పి, పొద్దుటి ఎనిమిది నోట్లలోంచి ఒకటి తీసి నా జేబులో కుక్కింది. వద్దంటే, "పెట్రోలుకి ఉంచుకోరా" అంది. తిరుగు ప్రయాణం ఉయ్యూరు మీదుగా వచ్చాను. రోడ్డు పక్కన మొదట కనపడ్డ బంకులో ఆ ఐదొందలకీ పోయించాను. నాలుగున్నర లీటర్లు వచ్చింది. లెక్క కడితే అందులో నూట ముప్పై రూపాయల పైన, పొద్దున వచ్చిన చోటికే తిరిగి వెళ్లిపోయింది.